రంగం బాకీ

మా నానమ్మకి సంవత్సరాలు అంకెల్లో తెలియవు. ఎవరి వయసు చెప్పాలన్నా, ఏ తుఫాను సంగతి చెప్పాలన్నా రెండు గుర్తులు పెట్టుకుని లెక్కగట్టేది. ఒకటి, ‘ఆడు రంగం ఎల్లిన యేడు’. రెండోది, ‘రంగం నించి జనం నడిసొచ్చిన యేడు’. నేను పుట్టింది ఆ రెండోదానికి పదకొండేళ్ల తరవాత. మొదటిది 1937, రెండోది 1942 అని పెద్దయ్యాక తేల్చుకున్నాను. రంగం అంటే రంగూన్. మా భీమునిపట్నం ఒడ్డున ఆ ఊరిని ఇంకో పేరుతో పిలిచినవాళ్లని చిన్నప్పుడు నేనెరగను.

‘ఆడు’ అంటే మా చిన్నత్త మొగుడు. నానమ్మకి స్వయానా తమ్ముడి కొడుకు. నేను పుట్టేసరికి ఆయన పోయి పదకొండేళ్లని మా ఇంట్లో అందరి లెక్క.

మా ఇల్లు గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల. తాటాకు ఇళ్ల వరస, ముందు ఇసక, ఇసక మీద తెప్పలు. వెనక్కి నడిస్తే ఒలందుల సమాధులు. మూడు వందల యేళ్ల కిందట వ్యాపారానికొచ్చి ఈ ఒడ్డునే కన్నుమూసిన డచ్చివాళ్లవి. కోసుగా పైకి లేచిన ఆ సమాధుల నీడలో మేం గచ్చకాయలాడుకునేవాళ్లం. మనది 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరని మా మాస్టారు చెప్తే చప్పట్లు కొట్టేవాళ్లం గానీ, మాకు నిజంగా గొప్పగా కనిపించినవి గిడ్డంగులు. బారెడు మందం గోడలు, పిడికెడంత తాళాలు. ఒకప్పుడు వాటి నిండా కరక్కాయలు, నువ్వులు, గోగునార. మా గోగునారకి బయటి దేశాల్లో ‘బిమ్లీ జనపనార’ అని మా ఊరి పేరే ఉండేది. 1933లో విశాఖపట్నంలో హార్బరు తెరిచాక సరుకు మెల్లగా అటు మళ్లింది. నేనెరిగేసరికి చాలా గిడ్డంగుల్లో గబ్బిలాలే. తాళం కన్నానికి ముక్కు పెడితే మాత్రం ఇంకా నార వాసన వచ్చేది.

మా అత్త ఆ గిడ్డంగుల ముందు నడిచేటప్పుడు తల తిప్పేది కాదు. ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

నానమ్మ చెప్పిన దాన్ని బట్టి, ఆయన వెళ్లింది సంక్రాంతి వెళ్లిన నాలుగు రోజులకి. బి.ఐ. కంపెనీ పొగ ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా లంగరేసుకుని ఉంటుంది. మేకు అన్నది లేకుండా కొబ్బరిపీచు తాళ్లతో పలకలు కుట్టిన పడవల్లో మనుషుల్ని అలలు దాటించి ఓడ దగ్గరికి చేరుస్తారు. మేకు కొట్టిన పడవైతే ఆ అలల దెబ్బకి విచ్చిపోతుంది, కుట్టిన పడవైతే ఒంగి లేస్తుంది. అత్తకి అప్పుడు పదహారేళ్లు. పెళ్లయి పది నెలలు. ఆయనకి పంతొమ్మిది. మేస్త్రీ దగ్గర ముప్ఫై అయిదు రూపాయలు బయానా తీసుకుని ఇంటి అప్పు కట్టి ఓడెక్కాడు. అలా మేస్త్రీల చేతిలో పడి వెళ్లినవాళ్లు మా తీరంలో ఊరూరా ఉండేవారు. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా రేవుల్లో కళాసీలుగా, బియ్యం మిల్లుల్లో కూలీలుగా వెళ్లిపోయారు. 1931 నాటికి రంగూన్‌లో సగం మందికి పైగా మన దేశంవాళ్లే. తెలుగువాళ్లని అక్కడ కోరంగీలు అనేవారు. కోరంగి రేవు 1839 తుఫానులో దెబ్బతిన్నా, దాని పేరు మాత్రం మనవాళ్లకి అక్కడ ఇంటిపేరై కూర్చుంది.

1930 మే నెలలో రంగూన్ రేవులో మన కళాసీలకీ బర్మా కూలీలకీ గొడవలై చాలామంది మనవాళ్లు చచ్చిపోయారు. ఆ సంగతి మా పేటలో అందరికీ తెలుసు. తెలిసే పంపారు. వేట లేని నెలల్లో అప్పు పుట్టదు, పుట్టిన అప్పు తీరదు. ఆయన వెళ్లినప్పుడు బర్మా ఇంకా బ్రిటిష్ ఇండియాలో భాగమే. మూడు నెలలు తిరక్కుండా, ఆ ఏప్రిల్ ఒకటో తారీకున దాన్ని వేరు చేసేశారు. మనిషి కదలకుండానే పరాయి దేశంలో ఉన్నవాడయ్యాడు.

నాలుగేళ్లు మనియార్డర్లు వచ్చాయి, తక్కువే అయినా. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక ఆగిపోయాయి. మరుసటి ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. మా ఊళ్లోవాళ్లు మూటలు కట్టుకుని లోపలి పల్లెలకి పారిపోయారు. ‘రంగం మనింటికే ఒచ్చేసిందనుకున్నాం’ అనేది నానమ్మ.

ఆ వేసవిలోనే నడిచినవాళ్లు రాసాగారు. ఆ యేడు బర్మా వదిలినవాళ్లు నాలుగైదు లక్షల మంది. ఓడలో చోటు డబ్బున్నవాళ్లకి. మిగతావాళ్లు ప్రోమ్ నుంచి టాంగప్ కనుమ దాటి అక్యాబ్ వైపు కొందరు, మణిపురం వైపు అడవుల్లో కొందరు. వేలాదిమంది దారిలోనే పోయారు, కలరాతో, జ్వరాలతో, ఆకలితో. మా వీధికి అయిదుగురు వచ్చారు. కాళ్లు గుమ్మడికాయల్లా వాచి ఉన్నాయట. అందులో ఒకాయన మా నానమ్మ ముందు కూర్చుని, టాంగప్ దారిలో మీవాడికి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే చెట్టు కింద పడుకోబెట్టి, తలాపున నీళ్ల ముంత పెట్టి వచ్చేశామని చెప్పాడు. చెప్పి తల కొట్టుకున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

ఏడాది చూశారు. కులపెద్దలు కర్మ చేయించారు. అత్త మెడలో తాళి తీశారు, గాజులు తీశారు. అప్పటికి ఆమెకి ఇరవై రెండు.

మేస్త్రీ మనిషి వచ్చింది ఆ తరవాత నెలకి. ముప్ఫై అయిదు బయానా, తిరుగు ప్రయాణానికని రంగంలో మళ్లీ తీసుకున్న నలభై, పైన వడ్డీ పదిహేను. మొత్తం తొంభై. నాలుగేళ్ల జీతంలో బయానా తీరలేదా అని నాన్న అడిగితే, బసకీ బత్తేనికీ కమీషనుకీ పోయిందన్నాడట. నాన్న తానిస్తానన్నాడు. అత్త ఒప్పుకోలేదు. తన తాళి మీద చేసిన అప్పు తనే తీరుస్తానంది. గోగునార గిడ్డంగిలో పనికి కుదిరింది. నార దులపడం, రకాలు వేరు చెయ్యడం, కట్టలు కట్టడం. దుమ్ము ముక్కుల్లోకి పోయి రాత్రంతా దగ్గేదట. తొంభై రూపాయలకి ఆరేళ్లు పట్టింది.

రంగం వలసల గురించి దొరికినవన్నీ నేను చదివాను. ఎంతమంది వెళ్లారు, ఎంతమంది వచ్చారు, ఓడ కంపెనీలకి ఎంత మిగిలింది అని 1941 నాటి బాక్స్టర్ నివేదిక దగ్గర్నించీ లెక్కలే లెక్కలు. ఇక్కడ ఒడ్డున ఉండిపోయి ఆ బయానాలు తీర్చిన ఆడవాళ్ల లెక్క నాకెక్కడా కనబడలేదు. ఈ నాలుగు ముక్కలు రాయాలన్న పట్టుదల నాకు అక్కణ్నించే వచ్చింది.

అత్త ఎదురుచూసిందని మా పేటలో కథలా చెప్పుకునేవారు. అది నిజం కాదు. మా కులంలో మారుమనువు తప్పు కాదు, ఇద్దరు అడిగారు కూడా. ఒద్దంది. ‘సచ్చిపోయినోడికి ఎదురుసూస్తారేటే? నాకు బానే ఉంది’ అని నాతోనే అంది ఒకసారి. నిజంగానే బాగుండేది. బాకీ తీరాక గిడ్డంగి మానేసి ఎండుచేపల బేరం పెట్టింది. నెత్తళ్లు, కవళ్లు, సావిడాయిలు టోకున కొని, ఎండబెట్టి, తట్ట నెత్తినెత్తుకుని తగరపువలస సంతకి నడిచేది. మా ఇంటి పక్కనే సొంత డబ్బుతో ఇల్లు వేసుకుంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ బేరం లెక్క నోటితో చెప్పేది. నేను మూడో క్లాసు నుంచీ ఆమె లెక్కలు రాసేదాన్ని. మా వీధిలో చదువొచ్చిన ఆడగుంటని నేనొక్కదాన్నే.

అందుకే 1964 ఆగస్టులో వచ్చిన ఆ కార్డు చదివింది కూడా నేనే.

కార్డు నానమ్మ పేరున వచ్చింది. ఎవరి చేతో రాయించింది. ‘మేనత్తకి నమస్కారాలు. నేను బతికి ఉన్నాను. ఓడ దిగినాను. క్యాంపులో ఉన్నాను.’ కింద ఆయన పేరు. నాకు ఆ పేరు తెలియదు. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు. గట్టిగా చదివేసి, ‘ఎవరు నానమ్మా?’ అన్నాను. నానమ్మ చేతిలో చేట ఒంగిపోయి బియ్యం జారుతున్నాయి. నేను అత్త వైపు చూశాను. ఆమె నోట్లోంచి చుట్ట తీసింది. ఎర్రగా మండుతున్న కొసని కాసేపు అలాగే చూసింది. మళ్లీ లోపల పెట్టుకుంది. రెండు పీల్పులు పీల్చి, ‘ఆ కార్డు జాగర్తగా దాసు’ అంది. లేచి చేపలు తిరగెయ్యడానికి వెళ్లిపోయింది.

బర్మాలో 1962లో నే విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964లో దుకాణాలు సర్కారు పరం చేశారు. ఆ మే నెలలో యాభై, వంద క్యాట్ నోట్లు చెల్లవన్నారు. మనవాళ్లు మళ్లీ ఓడలెక్కారు, ఈసారి నగా నట్రా అక్కడే వదిలి. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది. అలా వచ్చినవాళ్లదే.

ఆయన వచ్చింది పదిహేను రోజులకి, తగరపువలస బస్సులో. నాన్న వేటకి వెళ్లి ఉన్నాడు. వీధి చివర చుట్టలు చుట్టుకుపోయిన జుట్టు నెరిసిన మనిషి, చేతిలో రేకు పెట్టె, పక్కన నా ఈడు పిల్ల. పిల్ల రెండు బుగ్గల మీదా లేత పసుపు రంగులో గుండ్రంగా పూత. నానమ్మ గుమ్మంలోంచి చూసి, పరిగెత్తి, వాడి చెంపల మీద ఎడాపెడా కొట్టి, ఆ చేతులతోనే ఆ మొహం పట్టుకుని ఏడ్చింది. తమ్ముడి కొడుకు బతికొచ్చాడు. కూతురి బతుకు కాల్చినవాడు వచ్చాడు. ఇద్దరూ ఒక్కడే. నానమ్మ ఆ రోజు కొట్టడం, ఏడవడం ఎన్నిసార్లు మార్చి మార్చి చేసిందో.

టాంగప్ దారిలో ఒక బర్మా ఆవిడ ఆయన్ని తన ఇంటికి మోయించుకుపోయి బతికించింది. ఆయన అక్కడే ఉండిపోయాడు. ఆవిడతోనే ఉన్నాడు. చిన్న కొట్టు పెట్టుకున్నారు. ఈ పిల్ల పుట్టాక ఆరేళ్లకి ఆవిడ పోయింది. ఇదంతా ఆయన తల దించుకుని నానమ్మకి చెప్తూంటే మేమంతా విన్నాం.

అత్త చీకటి పడే వేళకి సంత నుంచి వచ్చింది. ఖాళీ తట్ట దించింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన్ని చూసింది. ఎంతసేపో నాకు తెలియదు, మా కోడి ఆ ఖాళీ తట్టలో ఎక్కి కూర్చుంది. తరవాత పిల్ల వైపు తిరిగి, ‘ఈ గుంట తిందా?’ అంది.

తినలేదు. అందరం ఏడుపుల్లో పడి మరిచిపోయాం. అత్త పిల్ల చెయ్యి పట్టుకుని తన ఇంట్లోకి తీసుకుపోయింది. ఆయన్ని పిలవలేదు.

నాన్న వచ్చాక పెద్ద గొడవైంది. అది రాయను. ఆయన ఆ రాత్రి సత్రం అరుగు మీద పడుకున్నాడు. తెల్లారి అత్త గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. అత్త చేపలు ఎండేస్తూ, మొహం తిప్పకుండానే అడిగింది.

‘సచ్చిపోనావని సెప్తే ఏడిసినాను, బావా. బతికే ఉండి రాయనేదంటే ఇప్పుడేటి సెయ్యాల?’

ఆయన ఏమీ అనలేదు. యుద్ధమయ్యాక టపా నడిచింది కదా, ఒక్క కార్డు రాయలేకపోయాడా అని నేను చాలా యేళ్లు ఆయన మీద కోపం పెట్టుకున్నాను. ‘మొకం నేక’ అన్నాడు ఎప్పుడో నాతో. ఆ జవాబు నాకప్పుడూ చాలలేదు, ఇప్పుడూ చాలదు.

‘మేస్త్రీకి నీ బాకీ తొంభై రూపాయలు కట్టినాను. ఆరేళ్లు కట్టినాను. నాకియ్యి’ అంది అత్త. ‘వడ్డీ ఒద్దు.’

ఆయన చిట్టివలస జూటు మిల్లుకి నార తోలే బళ్ల మీద కూలికి కుదిరాడు. వారానికి అయిదు రూపాయలు ఇస్తానన్నాడు. ఆదివారం సాయంత్రం. నా లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో నేను రాసేదాన్ని. ‘రూ. 5 ముట్టినవి.’ అత్తకి సంతకం రాదు. ప్రతి పద్దు పక్కనా పెన్సిలుతో ఒక గీత గీసేది, చేప వెన్నుముల్లంత సన్నంగా. పెన్సిలు పట్టుకున్న ఆమె వేళ్లు ఉప్పుకి పగిలి ఉండేవి. ఆ పగుళ్లలో తెల్లగా ఉప్పు కనిపించేది. గీత తిన్నగా రావాలని ఊపిరి బిగబట్టేది. గీశాక కాగితం మీద ఉప్పు రవ్వలు రాలితే నేను ఊదేదాన్ని.

పిల్ల మాత్రం అత్త దగ్గరే ఉండిపోయింది. ‘గుంట వేరు, నువ్వు వేరు’ అని ఆయనతో చెప్పేసింది. మేం ఆ పిల్లని రంగం గుంట అనేవాళ్లం. తెలుగు వచ్చు గానీ మాట చివర పాటలా సాగదీసేది. రేకు పెట్టెలోంచి ఒక రోజు గుండ్రటి సానరాయి, జానెడు కర్రముక్క తీసింది. రాయి మీద నీళ్లు చిలకరించి, కర్ర బెరడు అరగదీస్తే గంధంలాంటి పూత వచ్చింది. ‘తనాకా’ అంది. నానమ్మ గాభరాపడి, ‘తనఖాయా? ఏటి తనఖా ఎట్టినాడే మీ అయ్య?’ అంది. అది మొహానికి రాసుకునేదని, ఎండ తగలకుండా చల్లగా ఉంచుతుందని పిల్ల చెప్పేదాకా ఆమె గుండె కుదుటపడలేదు. అప్పుల్లో బతికిన ఇంటికి ఆ మాట అలాగే వినిపిస్తుంది. నా బుగ్గల మీద పూసింది. ఆరుతూంటే చర్మం చిన్నగా బిగిసింది, మంచి వాసన. వాళ్లమ్మ అరగదీసిన గుంట ఆ రాయి మధ్యలో ఉంది. నేను వేలు పెట్టి చూశాను.

మొదటి మూడు వారాలు ఆయన డబ్బు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. నాలుగో ఆదివారం అత్త ఒక ప్రశ్న అడిగింది. ఆ తరవాత వారానికొకటి. ఒక్కటే. జవాబు విని పంపేసేది. ‘కలరాలో నీకు నీల్లెవరు పోసినారు?’ ‘కొట్లో ఏటమ్మేవోడివి?’ ‘గుంటకి పాలు మానిపించినప్పుడు ఏడిసిందా?’ నేను నోటుబుక్కు పట్టుకుని పక్కనే ఉండేదాన్ని కాబట్టి అన్నీ విన్నాను. ఒక వారం, ‘ఆ మనిషి మంచిదేనా?’ అని అడిగింది.

‘మంచిది. నన్ను బతికించింది’ అన్నాడాయన.

అత్త చాలాసేపు ఊరుకుంది. ‘అయితే ఆమెకీ బాకీయే నువ్వు’ అంది. గీత గీసి నోటుబుక్కు నాకిచ్చేసింది. ఆయన వెళ్తూ వెళ్తూ సమాధుల దగ్గర ఆగి గోడకి చెయ్యి ఆనించి నిలబడటం నేను చూశాను. ఇప్పుడు తలుచుకుంటే, ఇరవై రెండేళ్లుగా ఆయన్ని ఎవరూ అడగని మాటలు అవన్నీ. అడిగే హక్కున్న మనిషి ఒక్కతే.

డిసెంబరులో ఒక ఆదివారం రాలేదు. జ్వరం. అత్త పిల్లకి గంజి ముంత ఇచ్చి పంపింది. ‘ఇది లెక్కలో రాయకు’ అని నాకు చెప్పింది. మరుసటి వారం ఆయన పది రూపాయలు తెచ్చాడు. అత్త అయిదు తీసుకుని అయిదు వెనక్కి తోసింది. ‘జరం పడ్డ మనిషివి. వారానికి అయిదే.’ అలా పద్దెనిమిది ఆదివారాల లెక్క పంతొమ్మిది వారాలు నడిచింది.

ఆ మధ్యలోనే ఒక సాయంత్రం రంగం గుంట అత్త ఒళ్లో తల పెట్టి పేలు చూపించుకుంటూ, ఉన్నట్టుండి లేచి, రాయి మీద మిగిలిన పూత వేళ్లకి తీసుకుని అత్త బుగ్గలకి రాసింది. నేను భయపడ్డాను. అత్త కసరలేదు. ఎండకి నల్లబడి ముడతలు పడ్డ ఆ బుగ్గల మీద పసుపుపచ్చటి రెండు చందమామలు. కడుక్కోవడం మరిచిపోయిందో, కడుక్కోలేదో. అది ఆదివారం. ఆయన వచ్చి డబ్బు తియ్యబోతూ ఆమె మొహం చూసి, చెయ్యి జేబులోనే ఉండిపోయి, అలా నిలబడ్డాడు. ఆ వారం ఆమె ప్రశ్న అడగలేదు.

చివరి అయిదు రూపాయలు సంక్రాంతి వెళ్లిన రెండో ఆదివారం ముట్టాయి. నేను కూడి చూశాను, మళ్లీ కూడాను. తొంభై. అత్త ఆఖరి గీత గీసింది.

‘తీరిపోయింది. ఇంక నువ్వు నాకేటీ బాకీ నేవు. ఎల్తావో, ఉంటావో నీ ఇష్టం.’

ఆయన చాలా నెమ్మదిగా అన్నాడు, ‘ఉంటానంటే ఉండనిస్తావా?’

‘ఊరికే ఎలాగుంటావు? నాను మొగుడు సచ్చిన దాన్ని. పెద్దల్నడుగు.’

పెద్దలు మూడు రాత్రులు కూర్చున్నారు. మా పేటలో అలాంటి తగువు అంతకు ముందు రాలేదు. మొగుడు తిరిగొస్తే పెళ్లాం పెళ్లామే, మళ్లీ మనువేమిటి అని కొందరు. కర్మ చేశాం, తాళి తీశాం, తీసిన తాళి దానంతటదే మెడలోకి రాదు అని కొందరు. మారుమనువే చెయ్యాలంటే సొంత మొగుడితో మారుమనువు ఎక్కడైనా ఉందా అని ఇంకొందరు. మా నాన్న ఒక మూల మౌనంగా కూర్చున్నాడు. మూడో రాత్రి అత్త మా గుమ్మం దాకా వచ్చి చెప్పింది. ‘పాత మనువు మీరు సేసినారు, మీరే తెంపినారు. నన్నెవరూ అడగనేదు. ఇప్పుడు నాను అడుగుతున్నాను.’

అందరికంటే పెద్దాయన చుట్ట ఆర్పి, ‘అయితే మారుమనువే’ అన్నాడు.

మారుమనువుకి పందిరుండదు, బాజాలుండవు. రాత్రి పూట, నలుగురి ముందు, కొత్త చీర పెట్టి తాళి కట్టడమే. నానమ్మ ఇంట్లో రెండు లాంతర్లు వెలిగించారు. చీర నాన్న తెచ్చాడు, ఎర్ర అంచుది. ఎవరితోనూ మాట్లాడకుండా తెచ్చి పీట మీద పెట్టాడు. పిల్ల, నేను కలిసి తనాకా అరగదీశాం. ముడి వేసేటప్పుడు ఆయన చేతులు వణికి రెండుసార్లు జారిపోయింది. ‘బేగి కట్టు బావా, నూనయిపోతంది’ అంది అత్త. అందరూ నవ్వారు. నానమ్మ నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుంది.

మరుసటి ఆదివారం సాయంత్రం ఆయన మిల్లు నుంచి వచ్చి, అలవాటు కొద్దీ అరుగు దగ్గరే నిలబడి జేబులోంచి డబ్బు తీశాడు. అత్త నన్ను కేకేసింది, ‘పుస్తకం తే’ అని. పాత పేజీ తెరవబోతే, ‘అది కాదు, పక్కది తియ్యి’ అంది. ఏమని రాయాలని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘మనింటి కర్సు’ అంది.

ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. ఆ పేజీలో మొదటి రెండు పద్దులు నా రాతలోనే ఉన్నాయి. లాంతరు నూనె, అర్ధ రూపాయి. గుంటకి రిబ్బన్లు, పావలా.